పళ్ళెం వాయించే పాటగాళ్లు: యెమెన్ సంగీతం ఎక్కణ్నుంచి వినాలి?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ఒక పెద్దాయన ఇత్తడి పళ్ళెం లాంటిది బొటనవేళ్ల మీద నిలబెట్టుకుని వాయిస్తున్న వీడియో చూశారు, అదేమిటన్నది మొదటిది. యెమెన్ సంగీతంలో సంప్రదాయం ఏది, ఆధునికం ఏది, ఎక్కడ మొదలుపెట్టి వినాలన్నది రెండోది. హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో మోగే డోళ్ల మేళం మర్ఫా యెమెన్ నుంచే వచ్చిందని ఎవరో అన్నారు, నిజమా అన్నది మూడోది. మూడూ ఒకదాంట్లో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి విడదీసి చెప్పలేను. కాస్త ఓపిక పట్టండి.

ముందు నా సంగతి. జెద్దాలో పదకొండేళ్లు సౌండ్ సిస్టమ్స్ అద్దెకిచ్చే చోట పనిచేశాను. మాకు పెళ్లిళ్లే బతుకుతెరువు, అందులో యెమెనీల పెళ్లిళ్లు ఎక్కువ. సీజన్‌లో వారానికి మూడు రాత్రులు వాళ్ల పాటలు వింటూ, వైర్లు చుట్టుకుంటూ తెల్లవారేది. అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం అంతంత మాత్రం. సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు. చిన్నప్పుడు రెండేళ్లు వయొలిన్ పట్టుకుని వదిలేసిన బాపతు. వదిలేసినా ఆ రెండేళ్లూ తర్వాత పనికొచ్చాయి, ఎలాగో చెప్తాను.

పళ్ళెం దగ్గర మొదలుపెడదాం. దాన్ని సహ్న్ అంటారు, అంటే పళ్ళెమే. రాగి పళ్ళెం. వాయించేవాడు రెండు చేతుల బొటనవేళ్లనూ కింద ఆనించి దాన్ని అడ్డంగా నిలబెడతాడు, మిగతా ఎనిమిది వేళ్లతో అంచుల దగ్గర తడుతుంటాడు. పట్టుకున్నట్టు కనిపిస్తుంది గాని నిజానికి పట్టుకోడు. గట్టిగా పట్టుకుంటే మోగదు.

నేను మొదటిసారి చూసిన రాత్రి దాన్నసలు వాద్యమనుకోలేదు. ఖర్జూరాలు పెట్టి తెచ్చిన పళ్ళెం ఖాళీ అయ్యాక సరదాగా వాయిస్తున్నాడనుకున్నాను. గాయకుడికి ఒక మైకు, ఊద్ అనే అరబ్బీ తీగవాద్యానికి ఒక మైకు పెట్టి దిగిపోయాను. పాట మొదలయ్యాక గాయకుడు నన్ను చేత్తో పిలిచి పళ్ళెం వైపు చూపించాడు. పరిగెత్తుకెళ్లి జానెడు దూరంలో మైకు పెట్టాను. అంతే, హాలంతా కీచుమని ఫీడ్‌బ్యాక్, ముందు వరసలో ముసలాళ్లు చెవులు మూసుకున్నారు. పళ్ళెం ఆయన మాత్రం ఆపలేదు. వాయిస్తూనే మోకాలితో మైకు స్టాండును మెల్లగా పక్కకు నెట్టాడు. మూరెడు దూరం వెళ్లాక గొంతుకీ తీగలకీ మధ్య ఖాళీలో సన్నగా, నీళ్లలో గులకరాళ్లు పడ్డట్టు ఆ మోత వినిపించింది. ఆ తర్వాత పదేళ్లు నేను ఆ దూరం మార్చలేదు.

ఇది సనా పాట. అరబ్బీలో అల్ గినా అస్సనానీ. యెమెన్ రాజధాని సనా నగరంలో పుట్టి పెరిగిన పద్ధతి. యునెస్కో 2003లో దీన్ని మానవాళి మౌఖిక వారసత్వంలో గొప్ప సంపదగా ప్రకటించింది, 2008లో తన జాబితాలో చేర్చింది. అసలు రూపంలో చాలా చిన్న కచేరీ ఇది. ఒక గాయకుడు, ఆయన చేతిలో కంబూస్ అనే చిన్న తీగవాద్యం, పక్కన పళ్ళెం. అంతే. బృందం లేదు, కోరస్ లేదు.

కంబూస్ సంగతి కొంచెం చెప్పాలి. ఇది ఊద్‌కి చిన్న తమ్ముడు లాంటిది. ఒకే చెక్క ముక్కను తొలిచి చేస్తారు, ముఖం మీద చెక్క బదులు తోలు బిగిస్తారు. మూడు జంట తీగలు, ఒక ఒంటి తీగ. సనాలో తుర్బీ అని కూడా అంటారు. ఇంకో ముచ్చట: సనావాళ్ల నోట్లో అరబ్బీ ‘క’ అక్షరం ఒకటి ‘గ’ అయిపోతుంది. అందుకే వాళ్లది గంబూస్. ఇప్పుడు మలేసియా, ఇండోనేసియా వెళ్లి చూడండి, అక్కడ గంబుస్ అనే వాద్యం ఉంది. హిందూ మహాసముద్రంలోని కొమొరో దీవుల్లో గబూసి అంటారు. యెమెన్ తూర్పు భాగమైన హద్రమౌత్ వర్తకులు, మతబోధకులు పడవల్లో పోతూ తీసుకెళ్లిన వాద్యం అది. ఊళ్లో మాత్రం కంబూస్ దాదాపు కనుమరుగైంది. 20వ శతాబ్దం మధ్యకొచ్చేసరికి ఈజిప్ట్ తరహా పెద్ద ఊద్ దాని చోటు ఆక్రమించింది. మీరు ఇప్పుడు వినే సనా పాటల్లో తొంభై పాళ్లు ఊద్‌వే. నేను పదకొండేళ్లలో అసలు కంబూస్‌కి మైకు పెట్టింది రెండే రెండుసార్లు. తోలు ముఖం కదా, శబ్దం పొడిగా, దగ్గరగా, ఎవరో చెవిలో మాట్లాడినట్టు ఉంటుంది. ఏసీ ఎక్కువ పెడితే శ్రుతి జారిపోతుంది. గాయకుడు విసుక్కుంటూ ప్రతి పాటకీ సరిచేసుకునేవాడు.

ఈ పాటకి సొంత వేళ, సొంత గది ఉన్నాయి. సనా పాతబస్తీలో ఇళ్లు ఐదారు అంతస్తుల మట్టి ఇటుకల మేడలు. అన్నిటికంటే పైన గాలీ వెలుతురూ వచ్చే గది మఫ్రజ్. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లు అక్కడ చేరి ఖాత్ అనే హుషారిచ్చే ఆకు నములుతూ కూర్చుంటారు. ఆ కూడికను మగ్యల్ అంటారు. మొదట్లో గోలగోలగా కబుర్లు. చీకటి పడే ముందు ఒక దశ వస్తుంది, అందరూ నెమ్మదించి ఎవరి ఆలోచనల్లోకి వాళ్లు వెళ్లిపోతారు. దానికి సులేమాను గడియ అని పేరు. పాట బాగా అతికేది అప్పుడే. రెండో సందర్భం సమ్రా, అంటే పెళ్లి రాత్రి కూడిక. జెద్దాలో నేను చూసినవన్నీ సమ్రాలే. మఫ్రజ్ బదులు ఫంక్షన్ హాలు, సులేమాను గడియ బదులు రాత్రి ఒంటిగంట.

వరస ఇలా ఉంటుంది. పాటల వరసని కౌమా అంటారు. మొదట దసా, దీనికి అడుగు అని అర్థం, ఏడు లెక్కల నడక. మిశ్ర చాపు వేలితో లెక్కపెట్టే అలవాటున్నవాళ్లకి కాలు వెంటనే కలుస్తుంది. పదకొండు లెక్కల దసా కూడా ఉంది, దానికి మాత్రం నా వేళ్లు ఇప్పటికీ తడబడతాయి. తర్వాత వస్తా, అంటే మధ్యరకం. చివర సరీ, అంటే వేగం. నిదానంగా మొదలై ఊపులోకి వెళ్లడం. ఇద్దరు ముగ్గురు లేచి నాట్యం చేస్తారు, మిగతావాళ్లు కూర్చునే ఉంటారు.

స్వరం గురించి ఒక్క మాట. మొదట్లో ఈ పాటలు వింటే శ్రుతి తప్పినట్టు అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. నా వయొలిన్ రెండేళ్లు పనికొచ్చింది ఇక్కడే. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ వాళ్లకి ఇంకో గాంధారం ఉంది, దాదాపు సరిగ్గా మధ్యలో. గమకంలో జారుతూ పోయే దారిలో మనం తాకే చోటు అది, వాళ్లు అక్కడే నిలబడతారు. ఇది అరబ్ సంగీతమంతటా ఉన్నదే. కాకపోతే కైరో పాటల్లో వయొలిన్లు, సెల్లోలు దాన్ని మెత్తగా చుట్టేస్తాయి. సనా పాటలో ఒంటి గొంతు, ఒంటి వాద్యం కాబట్టి ముఖాముఖి వినిపిస్తుంది. ఓ పది పాటలు విన్నాక అదే స్వరం కోసం ఎదురుచూస్తారు, నాదీ పూచీ.

ఇంత చెప్పినా అసలు విషయం చెప్పలేదు. యెమెన్‌లో పాటంటే ముందు కవిత్వం. సనా పాటలకి ఆధారం హుమైనీ కవిత్వం, 14వ శతాబ్దం నుంచి వస్తున్నది. పూర్తి గ్రాంథిక అరబ్బీ కాదు, పూర్తి వాడుక భాషా కాదు, రెండూ కలిసిన నుడి. ప్రేమ, విరహం, మధ్యలో దేవుడు. 17వ శతాబ్దం మొదట్లో చనిపోయిన ముహమ్మద్ షరఫుద్దీన్ అనే కవి రాసిన పాటలు నేటికీ పెళ్లిళ్లలో పాడుతున్నారు. జెద్దాలో ఓ పెళ్లిలో కీబోర్డు మీద (అరబ్బులు దాన్ని ఓర్గ్ అంటారు) రిథమ్ ప్యాడ్లు మోగుతుంటే పాడిన పాట నాలుగు వందల ఏళ్లనాటిదని మా యెమెనీ తోటి పనివాడు చెబితే నేను నమ్మలేదు. ఫోన్‌లో ఆ కవిత తీసి, ఒక్కొక్క పంక్తి వేలుతో చూపిస్తూ గాయకుడితో పాటు చదివాడు.

అందుకే మీ రెండో ప్రశ్నకి నా జవాబు: పాతా కొత్తా అన్న గీత యెమెన్ పాటల మీద సరిగ్గా పడదు. వాద్యం కొత్తది, కవిత పాతది, బాణీ ఆ రెండిటికీ మధ్యలో ఎక్కడో. యెమెనీలు వేరే మాట వాడతారు, లౌన్. అంటే రంగు. ఇది సనా రంగు, ఇది లహజ్ రంగు, ఇది హద్రమీ రంగు, ఇది యాఫీ రంగు అంటారు. ఏ సంవత్సరంది అని అడగరు, ఏ రంగు అని అడుగుతారు. పాట ఎత్తుకున్న పది సెకన్లకి మా హాల్లో వెనక కూర్చున్న టీ కుర్రాడు కూడా చెప్పేసేవాడు.

ఈ రంగులు ఎలా కలిశాయో, ఎలా బయటికొచ్చాయో తెలియాలంటే అదెన్ వెళ్లాలి. ఉత్తర యెమెన్‌ని ఏలిన ఇమామ్ యహ్యా కాలంలో సంగీతం మీద నిషేధం ఉండేది. ఆయన 1948లో హత్యకు గురయ్యేదాకా పాట దాక్కునే బతికింది. కిటికీలకు దిండ్లు అడ్డం పెట్టి లోపల వాయించుకునేవాళ్లట. చాలామంది పాటగాళ్లు దక్షిణాదికి, బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న అదెన్ రేవుకి పారిపోయారు. 1930ల చివర్లో ఓడియన్, పార్లోఫోన్ కంపెనీలు అక్కడ గ్రామఫోన్ రికార్డులు తీశాయి. వెనకే అదెన్ క్రౌన్, జఫర్‌ఫోన్ లాంటి స్థానిక కంపెనీలు పుట్టుకొచ్చాయి. ఇబ్రహీం అల్ మాస్, అలీ అబూబకర్ బాషరాహీల్ లాంటివాళ్ల గొంతులు మనకి దక్కింది ఆ 78 ఆర్‌పీఎం రికార్డుల వల్లే. అంటే సనా పాటలకి ఉన్న పాత రికార్డులు చాలావరకు సనాలో తీసినవి కావు, అదెన్‌లో తీసినవి. రికార్డుకి ఒక వైపు మూడు నిమిషాలే కాబట్టి గంటసేపు సాగే కౌమాని ముక్కలు చేయాల్సొచ్చింది. ఇప్పటికీ చాలా పాటలు ఆ కొలతలోనే మనకి తెలుసు.

అదెన్ 1937 దాకా బ్రిటిష్ ఇండియా పాలనలోనే ఉండేది. రేవు నిండా గుజరాతీ, పార్సీ వ్యాపారులు, హిందీ సినిమాలు. ఉమర్ మహ్ఫూజ్ గాబ్బా అనే గాయకుడు హిందీ సినిమా బాణీలకు అరబ్బీ మాటలు పెట్టి పాడేవాడు. దీని మీద అదెన్‌లో పెద్ద చర్చే నడిచింది, మన పాట ఏది, అరువు పాట ఏది అని. అందులోంచే 1940ల చివర్లో ఖలీల్ ముహమ్మద్ ఖలీల్ లాంటివాళ్లు అదెన్‌కి సొంత పాట కావాలని సంఘం పెట్టుకున్నారు. తర్వాతి తరంలో ముహమ్మద్ ముర్షిద్ నాజీ, అహ్మద్ బిన్ అహ్మద్ కాసిం. నాజీ గాయకుడే కాదు, యెమెన్ పాట చరిత్రని పుస్తకాలుగా రాసినవాడు. కాసిం కైరోలో చదువుకుని వచ్చి వాద్యబృందాలు తెచ్చాడు. వాళ్ల 1960ల పాటలు నాకు కాస్త కైరో వాసన కొడతాయి. అది నా అభిప్రాయం, యెమెనీల ముందు అనకండి.

అదెన్‌కి ఉత్తరాన లహజ్. తోటల ఊరు. అక్కడి సుల్తాను కుటుంబంవాడే అహ్మద్ ఫద్ల్, అందరికీ అల్ కుమందాన్‌గా తెలుసు. 1943లో చనిపోయాడు. పల్లె దరువులు, పొలం మాటలు తీసుకుని లహజ్ రంగుని తయారుచేసినవాడు ఆయనే. సంగీతం మతసమ్మతమేనని ఒక పుస్తకం కూడా రాశాడు. ఒక పక్క ఇమామ్ ఊద్‌ని నిషేధిస్తుంటే, పక్క రాజ్యంలో రాజకుటుంబీకుడు ఊద్ వాయించవచ్చని గ్రంథం రాస్తున్నాడు. లహజ్ పాట వింటే కూర్చోలేరు. ఫైసల్ అలవీ పాడినవి వినండి. పెళ్లిళ్లలో ఆయన పాట ఎత్తుకోగానే మా పని పెరిగేది, స్టేజి ఊగుతుంటే స్పీకర్ స్టాండ్లు పట్టుకుని నిలబడాల్సొచ్చేది.

ఇక హద్రమౌత్, తూర్పు భాగం. మీ మూడో ప్రశ్న ఇక్కడ తగులుతుంది.

హద్రమీల ప్రత్యేకత దాన్. గాయకుడు ‘దాన్ దానీ దాన్’ అంటూ మాటల్లేని బాణీ ఎత్తుకుంటాడు. మన బుర్రకథలో తందాన తాన ఉంది కదా, అలాంటి అక్షరాలు. చుట్టూ కూర్చున్న కవులు ఆ కొలతకి సరిపోయేలా అప్పటికప్పుడు చరణం కట్టి చెబుతారు, గాయకుడు దాన్ని పాడతాడు, ఇంకో కవి బదులిస్తాడు. మనకి అవధానం అలవాటు కాబట్టి ఆ ఉత్కంఠ అర్థమవుతుంది. భాష రాకపోయినా ఒక కవి మంచి జవాబు చెప్పగానే హాలంతా పడే కేకతో తెలిసిపోతుంది.

హద్రమౌత్ పాటలో మన ఉపఖండం జాడ గట్టిగా ఉంది. అక్కడి మొదటితరం ప్రసిద్ధ గాయకుడు ముహమ్మద్ జుమా ఖాన్ తండ్రి పంజాబు నుంచి వెళ్లినవాడు, తల్లి హద్రమీ. ముకల్లా రేవులో సుల్తాన్ బ్యాండులో పనిచేశాడు. ఆ ముకల్లాని ఏలిన కుఐతీ సుల్తాన్లు ఎవరనుకున్నారు? హైదరాబాద్ నిజాం దగ్గర అరబ్ సేనలకు జమాదార్లు. ఇక్కడ సంపాదించిన డబ్బుతో అక్కడ రాజ్యం కట్టుకుని 1967 దాకా ఏలారు. వాళ్ల బిరుదుల్లో నవాజ్ జంగ్ అని ఉంటుంది, హైదరాబాదీ బిరుదు. అలా వచ్చిన సైనికులు ఉన్న బ్యారక్సే మన బార్కస్. వాళ్లనే చావుష్‌లు అంటాం.

మర్ఫా అన్న పేరు అక్కడిదే. యెమెన్‌లో మర్ఫా అంటే గిన్నె ఆకారంలో ఉండే డోలు. కొండప్రాంతాల్లో జంబియా కత్తి పైకెత్తి వరసగా ఆడే బరా నాట్యానికి తాసా, మర్ఫా అని రెండు డోళ్లు కావాలి. హైదరాబాద్‌లో ఆ పేరు మొత్తం బృందానికే అంటుకుంది. కానీ ఒక సవరణ. హైదరాబాద్ మర్ఫాని నిలబెట్టినవాళ్లలో హద్రమీలతో పాటు సిద్దీలు కూడా ఉన్నారు. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసినవాళ్లు, ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు వాళ్ల వల్లే వచ్చింది. కాబట్టి మర్ఫా అరబ్ దరువూ ఆఫ్రికా దరువూ దక్కన్‌లో కలిసిన సరుకు. తీన్ మార్ ఆ దరువుల్లో ఒకటి. ఇప్పుడు పెళ్లి బరాత్ నుంచి గణేశ్ నిమజ్జనం దాకా దానికే చిందులేస్తున్నాం.

మరి మర్ఫా వింటే యెమెన్ సంగీతం విన్నట్టేనా అంటే, కాదు. నేను విన్నంతలో మనకి వచ్చింది దరువు, పాట రాలేదు. దాన్ రాలేదు, హుమైనీ కవిత రాలేదు, ఊద్ వెనకబడిపోయింది. సిపాయిలు మోసుకొచ్చేది ఊరేగింపు సంగీతమే మరి. కవులూ వర్తకులూ వెళ్లిన చోటికి పాట వెళ్లింది. బొంబాయిలో పెరిగిన అబ్దుల్లా అల్ ఫరజ్ అనే కువైటీ 19వ శతాబ్దంలో యెమెనీ పాటలు ఒంటబట్టించుకుని కువైట్ వెళ్లాక అక్కడి సౌత్ అనే పాట పద్ధతికి మూలపురుషుడయ్యాడు. అరేబియా సముద్రం చుట్టూ ఆ రోజుల్లో పాటలు ఎంత తిరిగేవో చూడండి.

మధ్యలో ఒకటి మర్చిపోయేవాణ్ని. యెమెనీ యూదులు. 17వ శతాబ్దపు షాలొమ్ షబాజీ వాళ్ల మహాకవి. హీబ్రూ, అరబ్బీ, అరామిక్ కలిపి రాశాడు. హుమైనీ కవిత్వానికి సొంత అన్నదమ్ములాంటి కవిత్వం. మగవాళ్లు ప్రార్థనాగీతాలు పాడితే, ఆడవాళ్లు చదువు లేకపోయినా అరబ్బీలో సొంతంగా పాటలు కట్టుకున్నారు. వాద్యాలంటే డబ్బా, రాగి పళ్ళెం. పళ్ళెం మళ్లీ వచ్చింది చూశారా. 1949, 50ల్లో దాదాపు యాభై వేలమంది విమానాల్లో ఇజ్రాయెల్ వెళ్లిపోయారు, పాటలూ వాళ్లతో వెళ్లాయి. ఓఫ్రా హాజా షబాజీ కవితనే డిస్కో దరువుతో పాడితే 1988లో పశ్చిమ జర్మనీలో మొదటి స్థానానికి చేరింది. తర్వాత 2015లో ఏ-వా అనే ముగ్గురు అక్కచెల్లెళ్ల బృందం ఆ ఆడవాళ్ల పాటల్ని ఎలక్ట్రానిక్ బీట్ మీద పెట్టింది. వాళ్ల పాట పేరు హబీబ్ గల్బీ. పుస్తకాల అరబ్బీలో అయితే కల్బీ. ఇందాక చెప్పిన ‘గ’ గుర్తుందా? అదే.

ముస్లిం ఆడవాళ్ల పాట గురించి నేను చెప్పగలిగింది తక్కువ. పెళ్లిలో వాళ్ల హాలు వేరు, మాకు ప్రవేశం లేదు, స్పీకర్లు బయట పెట్టి వచ్చేసేవాళ్లం. గోడ అవతల నుంచి డోళ్లు మాత్రం మా హాలు కంటే గట్టిగా మోగేవి. రికార్డుల్లో అయితే తకియ్యా అత్తవీలియ్యా, అమల్ కాదల్ పేర్లు వెతకండి. తకియ్యాది పల్లె గొంతు, మెరుగులు దిద్దనిది. నాకు చాలా ఇష్టం.

ఆధునికం అని మీరు అడిగారు కాబట్టి ఇద్దరి పేర్లు తప్పవు. మొదటివాడు అబూబకర్ సాలెం. 1939లో హద్రమౌత్‌లోని తరీంలో పుట్టి, అదెన్, బేరూత్ మీదుగా సౌదీ చేరాడు. 2017 డిసెంబరులో రియాద్‌లో చనిపోయాడు. మంద్రం నుంచి ఒక్కసారిగా తారకి వెళ్లిపోయే ఆ గొంతు ఇంకెవరికీ లేదు. అష్షిహర్‌కి చెందిన కవి హుస్సేన్ అల్ మిహ్దార్ మాటలు, ఈయన గొంతు. ఈ రోజు ఖలీజీ పాట అని గల్ఫ్ అంతా వింటున్నదాంట్లో సగం ఆయన వేసిన పునాది మీదే ఉంది. యెమెనీలకి ఇక్కడో కడుపుమంట ఉంది. తమ బాణీ గల్ఫ్ గాయకుడి పేరు మీద హిట్టయితే మూలం పేరు ఎవరూ చెప్పరని. దీని మీద మా షెడ్డులో టీ తాగుతూ జరిగిన గొడవలు రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. ఆ మంట వల్లనేమో, 2021 నుంచి జులై 1ని యెమెనీ పాట దినంగా సోషల్ మీడియాలో జరుపుకుంటున్నారు. ఆ రోజు ఎవరి రంగు వాళ్లు పోస్ట్ చేస్తారు.

రెండోవాడు అయ్యూబ్ తారిష్, తాయిజ్ ప్రాంతం. పొలాలు, వాన, వలస వెళ్లిన మొగుడి కోసం చూసే ఆడది, ఇవీ ఆయన పాటలు. యెమెన్ జాతీయ గీతానికి బాణీ ఆయనదే, మాటలు అబ్దుల్లా అబ్దుల్వహాబ్ నూమాన్‌వి. తొలుత దక్షిణ యెమెన్‌ది, 1990లో రెండు యెమెన్లు ఏకమయ్యాక మొత్తం దేశానిది. గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్లకి ఆయన వలస పాటలు అనువాదం లేకుండానే తగులుతాయి. మా తోటి పనివాడు ఇంటికి డబ్బు పంపిన రోజు రాత్రి అవే పెట్టుకునేవాడు. నేను ఏమీ అడిగేవాణ్ని కాదు.

కొత్త తరంలో బల్కీస్ ఫతీ పెద్ద స్టార్. తండ్రి అహ్మద్ ఫతీ హుదైదాకి చెందిన గొప్ప ఊద్ విద్వాంసుడు. ఆవిడ పాటలు ఎక్కువగా ఖలీజీ పాప్. నాకు తండ్రి ఊద్ ముందు అవి పలచగా అనిపిస్తాయి. సంగీత దర్శకుడు ముహమ్మద్ అల్ కుహూం యెమెన్ రంగుల్ని సింఫనీ బృందంతో కలిపి 2019లో కౌలాలంపూర్‌లో కచేరీ చేశాడు. తర్వాత కైరోలో, పారిస్‌లో. వందల ఏళ్ల కింద కంబూస్ ఏ దారిన మలయా వెళ్లిందో అదే దారిన వెళ్లి అక్కడ వేదికెక్కాడన్నమాట. అందులో సంప్రదాయ వాద్యాలు వచ్చే చోట్లు బాగుంటాయి. తీగవాద్యాలన్నీ కలిసి మోగే చోట ఆ మధ్య గాంధారం కొంచెం నలిగిపోయినట్టు నాకు వినిపిస్తుంది.

జామిల్ అనే మాట మీకు తప్పకుండా తగులుతుంది కాబట్టి ముందే చెప్తాను. తెగలవాళ్లు గుంపుగా నడుస్తూ అందరూ కలిసి అనే రెండు పంక్తుల పద్యం అది. పెళ్లికి వస్తున్నా, తగువు తీర్చడానికి వస్తున్నా, యుద్ధానికి వస్తున్నా జామిల్‌తోనే వస్తారు. ఎదుటివాళ్లు జామిల్‌తోనే బదులివ్వాలి. 2014 నుంచి జరుగుతున్న యుద్ధంలో, సనాని పట్టుకున్న తిరుగుబాటు వర్గం హూతీలు దీన్ని స్టూడియోలో ఎకో పెట్టి, దరువు పెంచి ప్రచార ఆయుధం చేసుకున్నారు. ఈసా అల్లైస్ అనే గాయకుడివి లక్షల మంది వింటారు. వినడానికి రోమాలు నిక్కబొడుచుకుంటాయి, అది ఒప్పుకోవాలి. ఏమంటున్నాడో తెలుసుకుని వినండి, అంతే. ఇంకోపక్క వాళ్ల పాలనలోని కొన్ని చోట్ల పెళ్లిళ్లలో గాయకుల్ని రానివ్వడం లేదని, పాడినవాళ్లని పట్టుకెళ్లారని వార్తలు వచ్చాయి. పాటగాళ్లు మళ్లీ అదెన్‌కో, కైరోకో, జెద్దాకో. మా గోడౌన్‌కి పని అడుగుతూ వచ్చిన కుర్రాళ్లలో సనాలో ఊద్ వాయించినవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు మాతో పాటు కేబుళ్లు మోశాడు. సౌండ్ చెక్ అప్పుడు మాత్రం ఊద్ వాడికే ఇచ్చేవాళ్లం. చెక్ రెండు నిమిషాల పని, వాడికోసం ఇరవై నిమిషాలు చేసేవాళ్లం.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి. నేనైతే ముందు అబూబకర్ సాలెం వినిపిస్తాను, చెవికి అడ్డం పడదు. వారం తర్వాత ఫైసల్ అలవీ. ఆ తర్వాత అయ్యూబ్ తారిష్. చెవి ఆ గాంధారానికి అలవాటు పడ్డాక సనా రంగు. అందులోనూ ముందు ఊద్‌తో పాడిన ముహమ్మద్ హమూద్ అల్ హారిసీ, అలీ అల్ ఆనిసీ, తర్వాత కంబూస్‌తో పాడిన హసన్ అల్ అజమీ. 78 ఆర్‌పీఎం రికార్డులు ఆఖరున. గరగర మధ్యలోంచి గొంతు పట్టుకోవాలంటే ఆ పాట ముందే కొంత తెలిసుండాలి. రోమన్ స్పెల్లింగుతో వెతికితే సగం దొరకవు, ఒకే పేరు నాలుగు రకాలుగా రాస్తారు. గాయకుడి పేరు అరబ్బీలో కాపీ చేసుకుని వెతకండి.

స్టూడియో పాటలతో ఆగకుండా రెండు మూడు గంటల పెళ్లి వీడియోలు కూడా పెట్టుకోండి. మొదటి అరగంట వదిలేయండి, పళ్ళాలు, కుర్చీలు, పలకరింపులు. కౌమా మొదలయ్యే చోట గాయకుడు ఊద్ సర్దుకుని గొంతు సవరించుకుంటాడు. అక్కణ్నుంచి చూడండి. పళ్ళెం వాయించే ఆయన కనిపిస్తే బొటనవేళ్లు గమనించండి, సరీలోకి వెళ్లాక ఎనిమిది వేళ్లూ పరిగెడుతుంటే అవి రెండూ కదలకుండా ఎలా ఉంటాయో. ఇంటికొచ్చాక నేను స్టీలు కంచంతో ప్రయత్నించాను. మా ఆవిడ ఆ కంచంలో ఇప్పుడు అన్నం పెట్టదు, అంచు సొట్టపోయింది.